పాలు పడవంటే... ఎన్ని పాలు?

దసరా పాయసాలూ కోవాలూ అయ్యాక ఈసారి ఉత్తరాలు దాదాపు అన్నీ పాల మీదే వచ్చాయి. ఒకరికి ఉబ్బరం, ఒకరికి విరేచనాలు, ఒకరింట్లో పసిబిడ్డ. అన్నింటి దగ్గరా ముందు గుర్తొచ్చే పేరు ఒకటే, పాల చక్కెరని అరిగించే లాక్టేజ్. అందుకే ఈ నెల శీర్షిక మొత్తం దానికే ఇస్తున్నాం.

నాకు 34 ఏళ్ళు. చిన్నప్పుడు రెండు పూటలా గేదె పాలు గ్లాసు నిండా తాగేవాణ్ణి. ఇప్పుడు రాత్రి గ్లాసు పాలు తాగితే గంట తిరక్కుండానే కడుపు గుడగుడలాడుతుంది, ఉబ్బుతుంది, ఒక్కోసారి నీళ్ళ విరేచనం. పెరుగన్నం మాత్రం రోజూ తింటాను, ఏమీ కాదు. పాలూ పెరుగూ ఒకటే కదా? ఇదేమైనా జబ్బా?
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జబ్బు కాదండీ. మీ ఒంట్లో ఒక పని నెమ్మదించింది, అంతే.

పాలలో ఉండే చక్కెర పేరు లాక్టోజ్. గ్లూకోజ్, గాలక్టోజ్ అనే రెండు చిన్న చక్కెరలు జంటగా అతుక్కుని ఉండేదే లాక్టోజ్. ఆ జంటను పేగు అలాగే పీల్చుకోలేదు, విడదీస్తేనే రక్తంలోకి వెళ్తుంది. విడదీసే ఎంజైమే లాక్టేజ్. చిన్నపేగు లోపలి గోడ మీద మఖమల్ గుడ్డకి నూగు ఉన్నట్టు చూషకాలు ఉంటాయి. వాటి కొసల్లో ఉండే కణాల అంచున ఇది తయారవుతుంది. ఈ కొసలన్న మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పసిబిడ్డ ఉత్తరంలో మళ్ళీ వస్తుంది.

తల్లిపాల మీద బతికే వయసులో లాక్టేజ్ దండిగా ఉంటుంది. పాలు మరిపించాక చాలామందిలో మెల్లగా తగ్గుతూ వస్తుంది. ప్రపంచంలో పెద్దవాళ్ళలో మూడింట రెండు వంతుల మంది ఇలా తగ్గినవాళ్ళే. పెద్దయినా తగ్గనివాళ్ళకి ఒక జన్యుమార్పు కలిసొచ్చింది. విచిత్రమేమిటంటే ఆ మార్పు లాక్టేజ్ జన్యువులో లేదు, దాని పక్కనున్న ఎం.సి.ఎం.6 అనే జన్యువులో ఉంది. లాక్టేజ్‌ని ఆపకుండా నడిపించే మీట అక్కడుందన్నమాట. ఫిన్లాండ్ శాస్త్రవేత్తలు 2002లో దాన్ని పట్టుకున్నారు. మన దేశంలో ఈ మార్పు వాయవ్యాన ఎక్కువ, దక్షిణానికి వచ్చేకొద్దీ తక్కువ. కాబట్టి పంజాబ్ మిత్రుడు లోటాడు పాలు తాగి హాయిగా ఉన్నాడని మిమ్మల్ని మీరు పోల్చుకోకండి.

విడిపోని లాక్టోజ్ పేగులో ఉండిపోయి నీటిని తనవైపు లాక్కుంటుంది. విరేచనం పల్చబడేది అందుకే. అదే లాక్టోజ్ పెద్దపేగుకి చేరగానే అక్కడి సూక్ష్మజీవులు దాన్ని పులియబెట్టి హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్, కొందరిలో మీథేన్ పుట్టిస్తాయి. ఉబ్బరం, గుడగుడ ఆ వాయువులవే. తాగిన అరగంట నుంచి రెండు గంటల లోపు ఇదంతా నడుస్తుంది.

ఇక అసలు సంగతి. లాక్టేజ్ తగ్గడమంటే సున్నా కావడం కాదు. 250 మి.లీ. పాలలో సుమారు 12 గ్రాముల లాక్టోజ్ ఉంటుంది. లాక్టేజ్ తగ్గినవాళ్ళలో కూడా చాలామంది ఒకసారికి 12 గ్రాములదాకా పెద్ద బాధ లేకుండా తట్టుకోగలరు, అన్నంతోనో టిఫిన్‌తోనో తీసుకుంటే ఇంకా మేలు. మీరు దాన్నంతా రాత్రి భోజనం అరిగాక ఒక్క గుక్కలో పంపిస్తున్నారు. కడుపు ఖాళీగా ఉంటే పాలు తొందరగా పేగులోకి జారిపోతాయి. ఉన్న కాస్త లాక్టేజ్‌కి పని చేసుకునే వ్యవధి దొరకదు.

అందుకని గ్లాసు మానకండి, సగం చేయండి. పొద్దున ఇడ్లీ తిన్న వెంటనే 100 మి.లీ., సాయంత్రం ఏదైనా తిని మరో 100 మి.లీ. వారం బాగుంటే 150కి పెంచండి. రోజూ కొద్దికొద్దిగా తాగుతూ ఉంటే పెద్దపేగులోని సూక్ష్మజీవులు కూడా అలవాటుపడి వాయువు తక్కువ చేస్తాయి. పూర్తిగా మానేసి, పెళ్ళిలోనో పండక్కో ఒక్కసారే మీద పడేవాళ్ళకే ఎక్కువ ఇబ్బంది.

పెరుగు ఎందుకు పడుతోందంటే, తోడు వేసిన సూక్ష్మజీవులు పాలలోని లాక్టోజ్‌లో కొంత తిని ఆమ్లంగా మార్చేస్తాయి. నూటికి 5 గ్రాములున్నది మూడున్నర, నాలుగు గ్రాములకి దిగుతుంది. అది చిన్న లాభమే. పెద్ద లాభం ఏమిటంటే, ఆ సూక్ష్మజీవుల్లో సొంత లాక్టేజ్ ఉంటుంది. మీరు తిన్నాక చిన్నపేగులో పిత్తరసం తగిలి వాటి గోడలు పగులుతాయి, లోపలి లాక్టేజ్ బయటపడి మిగిలిన లాక్టోజ్‌ని విడగొడుతుంది. అంటే పెరుగు తన మందు తానే వెంట తెచ్చుకుంటుంది. పైగా చిక్కగా ఉండి పేగులోకి నిదానంగా దిగుతుంది.

కోవా, జున్ను, పాయసం, పనీర్, నెయ్యి. వీటిలో మా ఆయనకి ఏది పెట్టొచ్చు, ఏది పెట్టకూడదు? వెన్న తీసిన పాలు మంచివని ఒకరు చెప్పారు, అవి కొంటున్నాం.
– ఒక గృహిణి, సత్యనారాయణపురం, విజయవాడ

ముందు ఆ వెన్న తీసిన పాల సంగతి. లాక్టోజ్ నీటిలో కరిగి ఉంటుంది, వెన్నలో కాదు. వెన్న తీస్తే లాక్టోజ్ తగ్గదు. టోన్డ్ అయినా, డబుల్ టోన్డ్ అయినా, ఫుల్ క్రీం అయినా గ్లాసుకి లాక్టోజ్ దాదాపు అంతే. వెన్న తక్కువైతే పాలు కడుపులోంచి ఇంకాస్త తొందరగా జారతాయి కూడా. గుండెకోసం, బరువుకోసం వాటిని కొంటే సరే, ఈ బాధకైతే పనికిరావు.

ఈ ఒక్క సూత్రం, లాక్టోజ్ నీటితో పాటు వెళ్తుందని పట్టుకుంటే మిగతావన్నీ మీకే తేలిపోతాయి. నెయ్యిలో నీళ్ళు లేవు, లాక్టోజూ లేదు. ముద్దపప్పులో ఎంత వేసుకున్నా ఈ విషయంలో భయం లేదు. వెన్నలో నామమాత్రం. పనీర్ చేసేటప్పుడు పాలు విరిచి తేట నీళ్ళు వడకట్టేస్తాం కదా, లాక్టోజ్ చాలావరకు ఆ తేటతో పోతుంది. 100 గ్రాముల పనీర్‌లో మిగిలేది 2, 3 గ్రాములే. కానీ బలమని చెప్పి ఆ తేటతో చపాతీ పిండి కలిపే ఇళ్ళున్నాయి. గ్లాసుడు తేట అంటే గ్లాసుడు పాలకి సరిపడా లాక్టోజ్. పనీర్‌లో తప్పించుకున్నది చపాతీలో తిరిగొస్తుంది.

కోవా దీనికి సరిగ్గా తలకిందులు. పాలు మరిగించి నీళ్ళు ఆవిరి చేస్తాం, ఆవిరితో లాక్టోజ్ పోదు. అర లీటరు పాలని 100 గ్రాముల కోవాకి దించితే ఆ పాలలోని 23, 24 గ్రాములూ అందులోనే ఉంటాయి. పంచదార కలిపి చేసిన 50 గ్రాముల పాలకోవా బిళ్ళలో లాక్టోజ్ 8 గ్రాముల దగ్గర ఉండొచ్చు. ఒకటి తింటే సరిపెట్టుకోవచ్చు, మూడు తింటే రెండు గ్లాసుల పాలు తాగినట్టే. బియ్యం పాయసం కూడా అంతే. లీటరు పాలని 600 మి.లీ. దాకా మరిగిస్తే చిన్న కప్పు, అంటే 150 మి.లీ.లో, పావు లీటరు పాల లాక్టోజ్ ఉంటుంది. కప్పు చిన్నదని మోసపోకండి. పాలు సగం పోసి తక్కిన సగం కొబ్బరిపాలు పోస్తే లాక్టోజ్ సగానికి పడిపోతుంది, బెల్లం పాయసానికి రుచి కూడా నప్పుతుంది. కొబ్బరిపాలు చివర్లో, పొయ్యి కట్టేశాక పోయండి, లేకపోతే విరిగినట్టవుతుంది.

జున్ను దగ్గర మాత్రం ఆగి చూడాలి. గేదె ఈనిన తొలిరోజు ముర్రుపాలలో లాక్టోజ్ మామూలు పాలకంటే తక్కువ, మాంసకృత్తులు చాలా ఎక్కువ. వేడికి అంత గట్టిగా పేరుకునేది వాటివల్లే. కాని అచ్చంగా వాటితో వండితే రాయిలా గట్టిపడుతుందని రెండింతలో మూడింతలో మామూలు పాలు పోసి పల్చన చేస్తాం. అప్పుడు లాక్టోజ్ మళ్ళీ పెరుగుతుంది. ఇంట్లో వండింది చిన్న ముక్క పెట్టి చూడండి. జున్నుపాలు లేకుండా పాలపొడి కలిపి చేసిన జున్నైతే లెక్క వేరు. పాలపొడిలో వందకి 38 గ్రాముల దాకా లాక్టోజే, వెన్న తీసిన పొడైతే 50. పెరుగు గట్టిగా తోడుకోవాలని ఇంట్లో పాలపొడి కలిపేవాళ్ళూ ఈ సంగతి గమనించాలి.

మజ్జిగ మాత్రం నిశ్చింతగా ఇవ్వండి. ఒక వంతు పెరుగుకి మూడు వంతుల నీళ్ళు పోస్తే పెద్ద గ్లాసులో లాక్టోజ్ రెండు, రెండున్నర గ్రాములే. మజ్జిగ పులుసు కాచినప్పుడు సూక్ష్మజీవులు చచ్చిపోయి వాటి లాక్టేజ్ సాయం పోతుంది గాని, అన్నంలో పోసుకునేది ఎంతని!

మా పాపకి అయిదో నెల. పది రోజుల కిందట విరేచనాలు పట్టుకున్నాయి, తగ్గుముఖం పట్టినా పాలు తాగిన ప్రతిసారీ నురగ నురగగా పల్చటి విరేచనం, పిర్రల దగ్గర ఎర్రగా ఒరిసిపోయింది. నా పాలు పడటం లేదని, మానేసి డబ్బాపాలు పట్టమని ఇంట్లో పెద్దవాళ్ళంటున్నారు. నేను పాలు, పెరుగు మానేస్తే నా పాలలో ఆ చక్కెర తగ్గుతుందా?
– ఒక తల్లి, మంగళగిరి

అమ్మా, పాలు మానకండి. ఈ శీర్షికలో గట్టిగా చెప్పదలుచుకున్న మాట ఏదైనా ఉంటే ఇదే.

ఇందాక చెప్పిన చూషకాల కొసలు గుర్తుకు తెచ్చుకోండి. లాక్టేజ్ ఉండేది అక్కడే. విరేచనాలు తెచ్చిన వైరస్ ముందు కాల్చేసేదీ ఆ కొసల్నే. కణాలు రాలిపోతే వాటితో పాటు లాక్టేజూ కొన్నాళ్ళు తగ్గుతుంది. విడిపోని చక్కెర పులిసి, విరేచనం నురగగా, పుల్లటి వాసనతో వస్తుంది. ఆ ఆమ్లం తగిలి పిర్రలు ఎర్రబడతాయి. ఇది మీ పాల లోపం కాదు, పేగు గాయం. కొత్త కణాలు పుడుతున్నకొద్దీ కొద్ది రోజుల నుంచి ఒకటి రెండు వారాల్లో చాలామంది పిల్లలకి సర్దుకుంటుంది. ఆ పేగు మానడానికి కావలసిన తిండి, రక్షణ రెండూ తల్లిపాలలోనే ఉన్నాయి. మామూలు డబ్బాపాలలోనూ లాక్టోజే ఉంటుంది, సీసా శుభ్రత సమస్య అదనం.

మీరు పాలు, పెరుగు మానడం వల్ల ఏమీ రాదు. తల్లిపాలలో లాక్టోజ్ నూటికి 7 గ్రాములు, ఆవు పాలకంటే ఎక్కువ. రొమ్ములోనే తయారవుతుంది. తల్లి ఏం తిన్నా, తినకపోయినా ఆ లెక్క మారదు. మీరు మానితే నష్టపోయేది మీ ఎముకలే.

చేయవలసింది ఇది. అడిగినన్నిసార్లు పాలివ్వండి. ఒక వైపు పూర్తిగా తాగాకే రెండోవైపు మార్చండి, చివర్లో వచ్చే వెన్నపాలు నెమ్మదిగా అరుగుతాయి. ప్రతి పల్చటి విరేచనం తర్వాత 50 నుంచి 100 మి.లీ. ఓ.ఆర్.ఎస్. చెంచాతో పట్టండి. లీటరు ప్యాకెట్‌ని కాచి చల్లార్చిన సరిగ్గా లీటరు నీళ్ళలోనే కలపాలి. నాలుగో వంతు పొడి గ్లాసులో అంచనాగా వేయడం ప్రమాదం, ఉప్పు ఎక్కువైతే బిడ్డకి చెడు చేస్తుంది. కలిపినది 24 గంటలు దాటితే పారబోయండి. జింక్ 14 రోజులు ఇవ్వాలి. ఆరు నెలల లోపు రోజుకి 10 మి.గ్రా., ఆ పైన 20. విరేచనాలు తగ్గాయని మధ్యలో ఆపొద్దు. ఇప్పటిదాకా జింక్ మొదలుపెట్టకపోతే మీ ఏ.ఎన్.ఎం.ని గాని పిల్లల డాక్టర్ని గాని అడగండి. పిర్రలు గోరువెచ్చటి నీళ్ళతో కడిగి, రుద్దకుండా అద్ది, జింక్ ఆక్సైడ్ పూత రాయండి.

కళ్ళు లోతుకి పోయినా, మాడు గుంటపడినా, ఆరు గంటలు మూత్రం పోయకపోయినా, మగతగా ఉండి పాలు పట్టకపోయినా, విరేచనంలో నెత్తురు కనిపించినా రేపటిదాకా ఆగకండి. 14 రోజులు దాటినా విరేచనాలు ఆగకపోతే అది వేరే కోవలోకి వస్తుంది, డాక్టరు మలం పరీక్ష చేయించి చూస్తారు. లాక్టోజ్ లేని పాలపొడి ఎవరికైనా కావలసివస్తే అప్పుడే, డాక్టరు చెబితేనే.

ఇంకొకటి. పుట్టుకతోనే లాక్టేజ్ లేకపోవడం అత్యంత అరుదు. తల్లిపాలు తాగే బిడ్డ రోజుకి నాలుగయిదు సార్లు పసుపురంగులో పల్చగా వెళ్ళి, బరువు పెరుగుతూ ఉంటే అదసలు జబ్బే కాదు.

నాటు ఆవు పాలు, ఏ2 పాలు, మేకపాలు అయితే పడతాయంటున్నారు. మామూలు పాలకి రెండింతలు ధర పెట్టి కొంటున్నాం. నిజమేనా?
– ఒక పాఠకుడు, కొరిటెపాడు, గుంటూరు

ఏ1, ఏ2 అనేవి పాలలోని బీటా కేసీన్ అనే మాంసకృత్తి రకాలు. లాక్టోజ్‌కీ వాటికీ సంబంధం లేదు. ఒంగోలు ఆవు పాలలోనూ లాక్టోజ్ అంతే, గేదె పాలలో నూటికి 5 గ్రాముల దగ్గర, మేకపాలలో నాలుగున్నర. ఆ అర గ్రాము తేడాకి కడుపు మారదు. పైగా గేదె పాలు కూడా ఏ2 రకమే, మన ఊళ్ళో ప్యాకెట్ పక్కన పెట్టి కేంద్రంలో పితికించి పోయించుకునే గేదె పాలలో మీరు వెతుకుతున్న ఏ2 ఎప్పుడో ఉంది.

పాల ఎలర్జీ వేరే జబ్బు. అది మాంసకృత్తుల మీద ఒళ్ళు తిరగబడటం. దద్దుర్లు, పెదవుల వాపు, పిల్లికూతలు, వాంతులు వస్తాయి, కొద్ది చుక్కలకే రావచ్చు. అది ఉన్నవాళ్ళకి ‘కొంచెం కొంచెం అలవాటు చేయండి’ అన్న మాట ఎంతమాత్రం వర్తించదు, మేకపాలూ పనికిరావు.

హాస్టల్లో ఉండి చదువుతున్నాను. మెస్‌లో ఏం తిన్నా కడుపు ఉబ్బుతోంది. నాకు లాక్టేజ్ లోపమో కాదో తేల్చుకునేదెలా? 150 రకాల ఆహారాలకి ఒకే రక్తపరీక్ష అని ప్రకటన చూశాను.
– ఒక విద్యార్థి, బెంజ్ సర్కిల్, విజయవాడ

ఆ డబ్బు దాచుకోండి. అటువంటి పరీక్షల్లో చాలావరకు ఐ.జి.జి. అనే ప్రతిరక్షకాన్ని కొలుస్తాయి. మీరు తరచు తినే పదార్థాలకి అది మామూలుగానే కనబడుతుంది. లాక్టేజ్ ఎంత ఉందో ఆ పరీక్షకి తెలియదు.

మొదట ఖర్చు లేని పరీక్ష. రెండు వారాలు పాలు, పాల టీ, కాఫీ, పెరుగు, ఐస్‌క్రీం, పాల స్వీట్లు, పాలపొడి వేసిన బిస్కెట్లు పూర్తిగా ఆపండి. మిగతా తిండి మాత్రం మార్చకండి. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. పాలతో పాటు పచ్చిమిర్చి బజ్జీలు, ఊరగాయ కారం కూడా మానేసి, కడుపు నెమ్మదించగానే నేరం పాల మీద వేస్తారు. రోజువారీ కారం రోజూ ఉండాలి. రెండు వారాల్లో ఉబ్బరం ఏమాత్రం తగ్గకపోతే పాలు కారణం కాదు, మెస్‌లో శనగలు, గోధుమలు, ఉల్లిపాయల వైపు చూడాలి. తగ్గితే మళ్ళీ మొదలుపెట్టండి. టిఫిన్‌తో 100 మి.లీ. మూడు రోజులు, తర్వాత 150, తర్వాత 250. తాగిన వేళ, బాధ మొదలైన వేళ రాసుకోండి. రెండు గంటల లోపు, ప్రతిసారీ, పాలు పెరిగినకొద్దీ పెరుగుతూ వస్తే అప్పుడు అనుమానం గట్టిపడుతుంది. మీ కొలత కూడా అక్కడే దొరుకుతుంది.

ఆసుపత్రిలో చేసేది హైడ్రోజన్ శ్వాసపరీక్ష. మన కణాలు హైడ్రోజన్ తయారుచేయవు, పేగులోని సూక్ష్మజీవులే చేస్తాయి. అది రక్తంలో కలిసి ఊపిరిలో బయటికొస్తుంది. 25 గ్రాముల లాక్టోజ్ నీళ్ళలో తాగించి, మూడు గంటలపాటు కొద్ది నిమిషాలకొకసారి ఊదించి కొలుస్తారు. మొదటి కొలతకంటే 20 పి.పి.ఎం. (పది లక్షల వంతుల్లో 20 వంతులు) పెరిగితే లాక్టోజ్ అరగలేదని అర్థం. ముందు నాలుగు వారాలు యాంటీబయాటిక్స్ వాడి ఉండకూడదు. ముందురోజు రాత్రి పప్పు, కూరగాయలు లేకుండా తెల్లన్నం తిని, 12 గంటలు ఖాళీ కడుపుతో వెళ్ళాలి. పరీక్ష జరుగుతుండగా సిగరెట్, నిద్ర, మెట్లెక్కడం కుదరదు. కొందరి పేగులో హైడ్రోజన్ బదులు మీథేన్ పుడుతుంది, వాళ్ళకి మీథేన్ కూడా కొలిచే యంత్రం కావాలి. లేకపోతే బాధ ఉన్నా ఫలితం మామూలుగా వస్తుంది.

లాక్టేజ్ చుక్కల మందు కొన్నాను. వేడివేడి పాలలో వేసి వెంటనే తాగుతున్నాను, తేడా ఏమీ లేదు. మాత్రలైతే మంచివా? నాకు షుగర్ కూడా ఉంది.
– ఒక పాఠకుడు, పటమట, విజయవాడ

వేడి పాలలో వేస్తే ఆ ఎంజైమ్ కూడా మాంసకృత్తే కాబట్టి కోడిగుడ్డు తెల్లసొన ఉడికినట్టు పాడవుతుంది. పైగా దానికి వ్యవధి కావాలి.

పాలు కాచి, పూర్తిగా చల్లార్చండి. గిన్నె బయట చెయ్యి పెడితే వెచ్చదనం తెలియకూడదు. లీటరుకి ఎన్ని చుక్కలో సీసా మీద ఉంటుంది, అన్ని వేసి బాగా కలిపి, మూతపెట్టి ఫ్రిజ్‌లో 24 గంటలు ఉంచండి. చల్లదనంలో ఎంజైమ్ నెమ్మదిగా పనిచేస్తుంది, అందుకే అంత సేపు. ఈ రోజు వేసినవి రేపు తాగేలా రెండు గిన్నెలు మార్చి మార్చి వాడుకోండి. మర్నాడు కాచుకోవచ్చు, అప్పటికి దాని పని అయిపోతుంది. చుక్కల సీసా కూడా ఫ్రిజ్‌లోనే ఉండాలి, మన మే నెల ఎండకి అల్మరాలో పెడితే ఎంజైమ్ బలం తగ్గిపోతుంది.

పని జరిగిందో లేదో నాలుకే చెబుతుంది, పాలు తియ్యబడతాయి. లాక్టోజ్‌కంటే గ్లూకోజ్, గాలక్టోజ్ తియ్యన. ఇంకా నిర్ధారణ కావాలంటే మూత్రంలో షుగర్ చూసే స్ట్రిప్ తెచ్చి, మామూలు పాలలో ఒకటి, చుక్కలు వేసి ఒకరోజు ఉంచిన పాలలో ఒకటి ముంచండి. ఆ స్ట్రిప్ గ్లూకోజ్‌కే రంగు మారుతుంది, లాక్టోజ్‌ని గుర్తించదు. మొదటిది మారదు, రెండోది మారుతుంది. రెండూ మారకపోతే మీ సీసా పాడయిందని అర్థం.

ఇలా చేసిన పాలని పాయసానికో కోవాకో ఎక్కువ సేపు మరిగిస్తే మామూలు పాలకంటే తొందరగా గోధుమరంగు తిరుగుతాయి. చెడిపోయాయని పారబోయకండి. విడిపోయిన చక్కెరలు వేడికి మాంసకృత్తులతో త్వరగా కలిసి ఆ రంగునిస్తాయి. మంట తగ్గించి, పంచదార కూడా తగ్గించి వేయండి. పెరుగు తోడుపెట్టినా తోడుకుంటుంది.

మాత్ర విధానం వేరు. అది కడుపులోని ఆమ్లాన్ని తట్టుకునే బూజు రకం నుంచి తీసిన ఎంజైమ్. మొదటి ముద్దతోనే వేసుకోవాలి, తిన్న గంటకి వేసుకుంటే పాలు అప్పటికే దాటిపోతాయి. పెట్టె మీద ఎంజైమ్ బలాన్ని ఎఫ్.సి.సి. యూనిట్లలో రాసి ఉంటుంది, పాల పదార్థమున్న భోజనానికి కనీసం 4500 ఉండేలా చూసుకోండి. విందు గంటకి మించి సాగితే స్వీటు దగ్గర మరొకటి పడుతుంది. రోజూ వేసుకునే మందు కాదిది, పాలు తిన్నప్పుడే.

మీ షుగర్ విషయం. చుక్కలు వేసినా, లాక్టోజ్ లేని పాలు కొన్నా చక్కెర మొత్తం తగ్గదు. గ్లాసుకి అదే 12 గ్రాములు, కాకపోతే ముందే విడిపోయి ఉంది కాబట్టి రక్తంలోకి కాస్త తొందరగా చేరుతుంది. తాగిన రెండు గంటలకి గ్లూకోమీటర్‌తో ఒకసారి చూసుకోండి. గాలక్టోసీమియా అనే పుట్టుకతో వచ్చే జబ్బున్న శిశువులకైతే ఈ పాలు అసలు పట్టకూడదు. వాళ్ళకి విషమయ్యేది గాలక్టోజే, ఇందులో అది అలాగే ఉంటుంది.

పొద్దున్నే ఖాళీ కడుపుతో కాఫీ తాగగానే బాత్రూంకి పరుగు. పాల వల్లేనా?
– ఒక పాఠకుడు, గవర్నర్‌పేట, విజయవాడ

చిన్న కప్పు కాఫీలో పాలు 60 మి.లీ. ఉంటే లాక్టోజ్ 3 గ్రాములే, అంతకి ఇలా కాదు. పైగా మీరు ‘తాగగానే’ అంటున్నారు, లాక్టోజ్‌కి అరగంటైనా కావాలి. కాఫీయే పెద్దపేగుని కదిలిస్తుంది. వారం రోజులు డికాక్షన్ మాత్రమే తాగి చూడండి, పరుగు అలాగే ఉంటే పాలు నిర్దోషి.

నాకు 56 ఏళ్ళు. రెండు నెలలుగా విరేచనాలు, పాలు మానేసినా తగ్గలేదు. అయిదు కిలోలు తగ్గాను. రాత్రి నిద్రలో లేచి వెళ్ళాల్సి వస్తోంది. ఇంకా ఏం మానాలి?
– ఒక పాఠకుడు, తాడేపల్లి

ఇంక ఏమీ మానకండి, ఈ వారంలోనే పేగుల డాక్టరుకి చూపించుకోండి. లాక్టేజ్ తగ్గినంత మాత్రాన బరువు తగ్గదు, నిద్రలోంచి లేపదు. మొదటిసారి ఈ వయసులో మొదలైన విరేచనాలు, బరువు తగ్గడం, రాత్రి వెళ్ళడం, నెత్తురు, జ్వరం, రక్తహీనత, వీటిలో ఏ ఒక్కటున్నా పాల మీద నెపం వేసి కూర్చోకూడదు. పేగు క్షయ, సీలియాక్ (గోధుమల్లోని గ్లూటెన్ పడని జబ్బు), క్రోన్స్ అనే పేగు వాపు, జియార్డియా అనే పరాన్నజీవి, థైరాయిడ్ ఎక్కువ కావడం, పెద్దపేగు క్యాన్సర్, అన్నీ చూడాలి. సీలియాక్ రక్తపరీక్ష అయ్యేదాకా గోధుమలు మానొద్దు, మానితే పరీక్షలో జబ్బు దాక్కుంటుంది. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడుతుంటే అది ఎప్పుడు మొదలుపెట్టారో తేదీ రాసుకుని వెళ్ళండి, విరేచనాలకి అదీ ఒక కారణమే.

మా అమ్మగారికి 62. పాలు బొత్తిగా పడవు, నాలుగు చెంచాలు కూడా తాగరు. కాల్షియం ఎలా?
– ఒక పాఠకురాలు, లక్ష్మీపురం, గుంటూరు

మామూలుగా పెద్దవాళ్ళకి రోజుకి 1000 మి.గ్రా. కావాలి, మీ అమ్మగారి వయసు ఆడవాళ్ళకి 1200. పెరుగు, మజ్జిగ పడితే పని సులువైనట్టే, 200 గ్రాముల పెరుగులో 240 నుంచి 300 మి.గ్రా. వస్తుంది. రాగుల్లో వంద గ్రాములకి 350 దగ్గర. ఒక పెద్ద చెంచా నువ్వుల పొడి, 10 గ్రాములు, వేడన్నంలో నెయ్యితో కలుపుకుంటే 120 పైన. మునగాకు పప్పులోనో పొడిగానో వారానికి మూడుసార్లు. చేపలు తినే ఇంట్లో చిన్న చేపలు ముళ్ళతో సహా మెత్తగా ఉడికించి పెట్టండి. పాలకూరలో కాల్షియం ఉన్నా ఆక్సలేట్ దాన్ని పట్టేసుకుంటుంది, లెక్కలో వేసుకోకండి. ఇంకా చాలకపోతే డాక్టరు మాత్ర రాస్తారు. ఒకసారికి 500 మి.గ్రా. మించకుండా, కార్బొనేట్ రకమైతే అన్నంతో వేయండి. థైరాయిడ్ మాత్రకీ దానికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. డి విటమిన్ కూడా ఒకసారి చూపించండి.

ఆమెకి పొద్దున్నే రాగి అంబలి అలవాటు చేయండి. 40 గ్రాముల రాగిపిండి గ్లాసుడు నీళ్ళలో ఉండల్లేకుండా కలిపి రాత్రంతా పులియనివ్వండి. పొద్దున మూడు గ్లాసుల నీళ్ళు మరిగించి, తిప్పుతూ ఆ పిండి పోసి, పచ్చివాసన పోయి గరిటెకి పూతలా అంటుకునేదాకా ఎనిమిది, పది నిమిషాలు ఉడికించాలి. ఉప్పు వేసి దించి, పూర్తిగా చల్లారాక పెద్ద గ్లాసు మజ్జిగ కలపండి. వేడి మీద పోస్తే మజ్జిగలో ఆమెకి సాయపడే సూక్ష్మజీవులు చచ్చిపోతాయి, మజ్జిగ విరిగి నీళ్ళు తేలుతుంది కూడా. ఉల్లిపాయ ముక్క నంజుకుంటే సరిపోతుంది.